చిన్నతాత ఏ వరుసలో ఉన్నాడు?

ఆ ఫొటో నా ఫోనులోకి వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. అన్నం దగ్గర అదే మాట, చాయ్ దగ్గర అదే మాట. ఎవరు గడప తొక్కినా ముందు ఫోను చేతిలో పెట్టి "జర సూడు, ఇండ్ల మా చిన్నతాత ఎవరు?" అని అడగడం, వాళ్ళు ఫొటోను వేళ్ళతో సాగదీసి సాగదీసి, మూతి విరిచి, "అందరు ఒక్కతీరుగనే ఉన్నరు గదనే" అని ఫోను తిరిగి ఇచ్చేయడం. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. జవాబు ఉండి కూడా దొరకని లెక్కంటే నాకు ఒళ్ళు మంట. ఈ ఫొటో అలాంటి లెక్కే.

పాత సైనికుల కుటుంబాల గ్రూపు ఒకటి ఫోనులో నడుస్తోంది. పక్క ఊళ్ళో ఉండే రిటైర్డ్ హవల్దారు ఒకాయన నన్ను అందులో చేర్పించాడు. ఎక్కడో ఒక శిక్షణ కేంద్రంలో పాత బీరువాలు ఖాళీ చేస్తుంటే దొరికిన ఫొటోలట, ఒక్కొక్కటీ గ్రూపులో పెడుతున్నారు. పేర్లు ఏవీ లేవు. ఎవరి మనిషిని వాళ్ళే గుర్తుపట్టి చెప్పాలి. మాకు వచ్చిన ఫొటోలో పడుచు పిల్లలు వరుసలు కట్టి ఉన్నారు. కొందరు నేల మీద బాసింపట్టు వేసుకొని, కొందరు కుర్చీల్లో, మిగతావాళ్ళు వెనక నిలబడి. అందరికీ ఒకటే గుండు లాంటి క్రాపు, ఒకటే అంగీ. ఒక్కడి ముఖం మీదా మీసం లేదు, నవ్వు లేదు. ముందర ఒక పలక, దాని మీద సుద్దముక్కతో కంపెనీ నంబరు. చిన్నతాత భార్య చిన్నవ్వ పెన్షన్ కాగితాల మీద ఉన్న నంబరు కూడా అదే. అంటే చిన్నతాత ఇందులో ఉన్నాడు. ఏదో వరుసలో, ఎవడి భుజం పక్కనో ఉన్నాడు. అదే మాకు పిచ్చెక్కించింది. లేడని తెలిస్తే వదిలేసి మా పని మేం చూసుకునేవాళ్ళం.

ఫొటో పెద్దది చేస్తే ముఖాలన్నీ మసకలైపోతున్నాయి. "అసలు కాపీ పంపించండి సార్" అని గ్రూపు నడిపే పెద్దమనిషిని అడిగాను. చేతులు జోడించిన బొమ్మ పంపాడు. మర్నాడు మళ్ళీ అడిగాను. గులాబీ పువ్వు, కింద శుభోదయం. ఇంకోసారి అడిగితే పర్మిషన్ కావాలన్నాడు. ఎవరి పర్మిషన్ అంటే మళ్ళీ చేతులు జోడించిన బొమ్మ. దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ గ్రూపులో పొద్దున లేస్తే పువ్వులు తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటి రాలదు.

చిన్నవ్వ అంటే మా తాత తమ్ముడి భార్య. ఆ తమ్ముడే మా చిన్నతాత. పెళ్ళయిన కొన్నాళ్ళకు ఫౌజులో చేరాడు. శిక్షణ అయ్యాక ఒకసారి సెలవు మీద ఇంటికొచ్చి వెళ్ళాడు. తర్వాత చైనా లడాయి వచ్చింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు, టెలిగ్రాం వచ్చింది. అప్పటికి చిన్నవ్వ ఇంకా చిన్నపిల్లే. పుట్టింటికి పోలేదు, మారు మనువు మాట ఎత్తనివ్వలేదు. మా బాపును, మేనత్తను ఆమే సాకింది. తర్వాత మమ్మల్ని సాకింది. మా చెలక విమానాశ్రయం రన్‌వే కిందికి పోయేదాకా విత్తులు, కలుపు, కోత అన్నీ ఆమె చేతి మీదే నడిచాయి.

ఈ ఎండాకాలం ఆమెకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాని నరం కూడా ఎండిపోతోందని, చుక్కల మందుతో కొన్నాళ్ళు ఆపగలమే తప్ప పోయిన చూపు తేలేమని కంటి దవాఖానలో చెప్పారు. తిరిగి వస్తుంటే ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఉన్న సూపు పోకముందే ఆయన మొఖం ఒక్కసారి సూడాలె బిడ్డా. ఇగ ఇంకేం అడుగ నిన్ను."

నేను పుట్టినప్పటి నుంచి ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. చూపిస్తానని మాటిచ్చాను. అప్పటికి ఆ ఫొటో ఇంకా రాలేదు. ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదా అని మీకు అనిపించవచ్చు. ఉండేది. ఫౌజు నుంచి ఆయన పంపిన బొటనవేలంత ఫొటో. దాన్ని మా ముత్తవ్వ, అంటే చిన్నతాత తల్లి, బట్టలో చుట్టి సందుగలో పెట్టుకునేది. తాళంచెవి ఆమె మొలకే. చిన్నవ్వ అడిగితే "వాణ్ణి కన్నది నేను. నువ్వేం కన్నవే?" అనేదట. పోయేముందు, కొడుకు ఫొటో తన రొమ్ము మీద పెట్టి పంపమని కోరింది. మగవాళ్ళు పెట్టారు. పాడె లేచింది, ఫొటో తల్లితో పాటు కాలిపోయింది. ఆ పోయినవాడికి ఒక భార్య ఉందని, ఆమె దర్వాజ పక్కనే నిలబడి ఉందని ఒక్కరికీ తట్టలేదు. ఇది తలుచుకున్నప్పుడల్లా ముత్తవ్వ మీద నాకు కోపం వస్తుంది. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం వస్తే మనిషి ఎక్కడికి పోయి అరవాలి?

అందుకే గ్రూపులో ఈ ఫొటో పడగానే నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ సాయంత్రమే చిన్నవ్వను వాకిట్లో వెలుతురున్న చోట కూర్చోబెట్టి, ఒక్కో ముఖాన్నీ ఫోను నిండా వచ్చేలా పెద్దది చేసి చూపించాను. ఆమె ఫోనును మంచి కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"ఈయన?"

"కావొచ్చు."

"మరి ఈయన?"

"ఈయన గూడ కావొచ్చు."

మొదటి వరుస అయింది, రెండో వరుస అయింది. ఎవరిని చూపించినా 'కావొచ్చు'నే. నాకు ఓపిక పోయింది. "ఏందవ్వా నువ్వు! మొగుడే గదనే, గంత గుర్తులేడా?" అన్నాను. ఆమె ఫోను నా చేతికిచ్చి, "ఎన్నేండ్లాయె బిడ్డా" అని లోపలికి వెళ్ళింది. వయసు, మసక ఫొటో, చూపు లేని కన్ను. సరే, అంతే కాబోలు అనుకున్నాను.

బాపును అడిగాను. "నేను చిన్నపోరణ్ణి. మా చిన్నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకొని తిప్పెటోడు, గదొక్కటే యాదికుంది" అన్నాడు. భుజాల మీద ఎక్కినవాడికి ముఖం ఎలా కనబడుతుంది? నెత్తి కనబడుతుంది. ఈ ఫొటోలో నెత్తి మీద ఏమీ మిగల్చలేదు.

ఇక మిగిలింది మేనత్త. గగన్‌పహాడ్ నుంచి ఆటో దిగీ దిగగానే "అందరు జరుగుండ్రి, నాకియ్యుండ్రి ఫోను. మా చిన్నాయన నాకు తెల్వడా?" అంటూ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. వెనక వరుసలో నట్టనడుమ ఉన్న ఒకాయన మీద వేలు పెట్టింది. ఫొటో మొత్తంలో కాస్త చూడచక్కనివాడు అతనే.

"గీయనే. సూడుండ్రి ముక్కు. మన ఇంటి ముక్కే."

అందరం ఒకరి ముక్కు ఒకరం చూసుకున్నాం. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో ఎవరి ముక్కు వాళ్ళదే. "అత్తా, అప్పుడు నీకు ఏడేండ్లు గూడ లేవు గద" అన్నాను.

"అయితే? ఏడేండ్ల పిల్లకు కండ్లుండయా?"

మేనత్తతో వాదించి గెలిచినవాళ్ళు మా వంశంలో లేరు. పైగా, ఉన్నమాట చెప్పాలంటే, నేను కూడా విసిగిపోయి ఉన్నాను. ఏదో ఒక జవాబు దొరికింది, చాలు అనిపించింది. "ఈ మధ్యలో ఆయన మా చిన్నతాత" అని గ్రూపులో పెట్టేశాను. అభినందనల పువ్వులు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి.

శంషాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద ఫొటో స్టూడియోకు వెళ్ళాం. చిన్నవ్వకు, ఆయనకు కలిపి ఒక ఫ్రేము కట్టించాలని మేనత్త పట్టు. జంటగా ఫొటో దిగని ముసలివాళ్ళను పక్కపక్కన చేర్చడం స్టూడియో ఆయనకు రోజూ ఉండే పనే. ఏఐ పెట్టి మసకంతా తీసేశాడు. చిన్నతాత చర్మం పెళ్ళికొడుకు చర్మంలా మెరిసింది. "మేడం, తాతను గిట్లనే ఉంచితే అవ్వ పక్కన మనుమని లెక్క కొడుతడు. జర వయసు పెంచుదామా?" అని అడిగాడు. వద్దన్నాను, ఆ వయసులోనే పోయాడు గదా. "మీసం పెట్టు" అంది మేనత్త. "ఫౌజోనికి మీసం లేకుంటే ఏం బాగుంటది?" ఆయన వరసగా నాలుగైదు మీసాలు చూపించాడు. మేనత్త మెలి తిరిగినదాన్ని ఎంచింది. నేను తల పట్టుకుని బయట నిలబడ్డాను.

పెత్రమాస నాడు, పోయినవాళ్ళ పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చాక, ఫ్రేము గోడకు తగిలించాం. దండ వేశాం. చిన్నవ్వ దగ్గరికొచ్చి చాలాసేపు నిలబడింది.

"ఈయనేనా?" అని అడిగింది.

"ఈయనే చిన్నమ్మా. ఇంక అనుమానమెందుకు?" అంది మేనత్త.

ఆ రోజు నుంచి చిన్నవ్వ పొద్దున స్నానం చేసి రాగానే ఆ ఫ్రేము ముందర నిలబడేది. ఒకరోజు నేను బడికి బయల్దేరుతుంటే ఆమె గొంతు వినబడింది. "మన చెలక పోయిందయ్యా. నువ్వు తవ్విన బాయి గూడ పోయింది. అండ్ల ఇప్పుడు ఇమానాలు దిగుతున్నయి. మీ అన్న పిల్లలను నేనే సాకిన. మంచిగనే ఉన్నరు." ఎవరితోనూ అంత మాట్లాడే మనిషి కాదు. నేను చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయాను. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మాట నిలబెట్టుకున్నాను కదా అనుకున్నాను.

అది కొన్నాళ్ళే. ఒక ఆదివారం బుద్వేల్ నుంచి ఫోను. మర్యాదగల మనిషి గొంతు. "మేడం, ఏమనుకోకుండ్రి. గ్రూపుల మీరు పెట్టినాయన మా నాయన."

"మీరు పొరపడుతున్నట్టున్నారు" అన్నాను.

"లేదు మేడం. నాయన లడాయి నుంచి మంచిగనే తిరిగొచ్చిండు. పింఛన్ తీసుకున్నడు, మొన్న మొన్ననే పోయిండు. మా అమ్మ ఉంది. మీ ఫ్రేము ఫొటో గూడ గ్రూపుల వచ్చింది గద, దాన్ని సూసినకాడికెళ్ళి అన్నం సరిగ్గ తింటలేదు."

ఫ్రేము ఫొటో గ్రూపులో పెట్టింది ఎవరో వేరే చెప్పాలా? మేనత్త.

మరుసటి ఆదివారం తల్లీకొడుకులు వచ్చారు. ఆమె మా చిన్నవ్వ కంటే కాస్త చిన్నది, గట్టి మనిషి. చెప్పులు విప్పి నేరుగా గోడ దగ్గరికి నడిచింది. పరాయి ఇంట్లో, పరాయి ఆడమనిషి పక్కన, దండ వేసుకుని ఉన్న తన మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఈ మీసం ఎవరు పెట్టిండ్రు?" అంది. "మా ఆయనకు ఎన్నడు మీసం లేకుండె."

సంచిలోంచి ఫొటోలు తీసింది. పెళ్ళినాటిది, పిల్లలతో దిగింది, ముసలితనంలోది. అన్నిట్లోనూ ఎడమ కనుబొమ మీద తెగిన గీత. శిక్షణ ఫొటోలోనూ అది ఉంది. స్టూడియో ఆయన ఏఐ ఆ గీతను శుభ్రంగా తుడిచేసింది. ఆ కొడుకు శిక్షణ కేంద్రం దాకా తిరిగి తెచ్చుకున్న పెద్ద ప్రింటు బల్ల మీద పరిచి చూపించాడు. ఇంక అనుమానానికి చోటు లేదు. ముక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేనత్త కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుంది.

చిన్నవ్వ వంటింటి దర్వాజ దగ్గర నిలబడి అంతా విన్నది. "అయ్యో, అయ్యో," అంది, "పరాయి మొగోనికా నేను గిన్ని దినాలు నా గోస చెప్పుకున్న!"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మేనత్త మీద, స్టూడియో మీద, గ్రూపు మీద, అందరికంటే ఎక్కువగా జవాబు దొరికితే చాలనుకున్న నా మీద నాకు ఒళ్ళు మండిపోయింది. బుద్వేల్ ఆమె మాత్రం చిన్నవ్వ దగ్గరికెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చి చాప మీద కూర్చోబెట్టింది. పక్కనే తనూ కూర్చుంది.

"ఏడువకక్కా. ఆయన ఏమనుకోడు. అందరి కష్టం ఇనెటోడే." నెమ్మదిగా అడిగింది. "గని అక్కా, నీ మొగుణ్ణి నువ్వెందుకు గుర్తు పట్టలేదు? నాకైతే మీసం పెట్టినా, నడుమ ఎన్నేండ్లు పోయినా, ఒక్క సూపుల తెలిసె."

"ఎట్ల గుర్తువడుతనే చెల్లె," అంది చిన్నవ్వ. "నేను ఆయన మొఖం ఎన్నడు సూడలే."

ఇంటి మీద నుంచి విమానం పోతోంది. ఆ మోత తగ్గాక చిన్నవ్వే అందుకుంది.

"పగలు అత్తమామలుండెటోళ్ళు. కొంగు నెత్తి నిండ కప్పుకొని, తల వంచుకొని ఉండాలె. మొగుని దిక్కు సూస్తే సిగ్గులేనిదంటరు. చీకటి పడితే గాసునూనె కాలుతదని మా అత్త దీపం ఆర్పేది. ఆయన చేన్లకెళ్ళి వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చేది నేనే. కాళ్ళు ఎరుక. ఎడమ కాలు చిటికెనేలు పక్క ఏలు మీదికి ఎక్కి ఉంటుండె. గొంతు ఎరుక. మొఖమే ఎరుక లేదు." చిన్నవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పుకుపోయింది. "సెలవు అయిపోయి పోయే దినం దర్వాజ కాడ ఆగిండు. నాకు బూట్లే కనబడుతున్నయి. 'ఒక్కసారి ఇటు సూడు' అన్నడు, మెల్లగ. అత్త ఎనుకనే ఉండె. నేను సూడలె."

బుద్వేల్ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీద? ఆ దీపం ఆర్పిన అత్త మీదా? అలా ఉండాలని ఆమెకు నేర్పిన ఆమె అత్త మీదా? మొగుడే గదా, గుర్తులేడా అని నేను గదమాయించాను. అప్పుడు కూడా చిన్నవ్వ ఈ మాట చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడింది.

నేను ఒక్క ఉదుటున లేచి ఆ పెద్ద ప్రింటు కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఇది స్పష్టంగా ఉంది, అంగీ గుండీలు కూడా కనబడుతున్నాయి. ముఖాలు వదిలేసి కాళ్ళు వెతికాను. కింద కూర్చున్నవాళ్ళకు బూట్లు. కుర్చీల్లో ఉన్నవాళ్ళకు బూట్లు. వెనక నిలబడ్డవాళ్ళకు కాళ్ళే కనబడవు. "అన్నీ బూట్లే అవ్వా!" అని అరిచాను. "అందరికీ ఒక్కటే తీరు బూట్లు!" ఆమె ఎరిగిన ఆ ఒక్క వేలును కూడా తోలు కింద దాచిపెట్టారు. ఆ ప్రింటును చించి అవతల పారేయాలన్నంత ఉక్రోషం వచ్చింది.

చిన్నవ్వే లేచి గోడ మీది ఫ్రేము దింపించింది. దండ తీసి, అద్దం కొంగుతో తుడిచి, బుద్వేల్ ఆమె చేతిలో పెట్టింది. "నీ పెనిమిటిని నువ్వు తీసుకపో చెల్లె" అంది. ఆమె ఫ్రేము తీసుకుంది. పోయేముందు ప్రింటు మాకే వదిలేసింది. "ఇది ఇక్కడనే ఉండనీ. మా ఆయన ఉన్నడు ఇండ్ల. మీ ఆయన గూడ ఉన్నడు."

మర్నాడు పొద్దున ఆ ప్రింటును, ఎండ బాగా పడే గోడకు తగిలించాను. చిన్నవ్వను తెచ్చి ముందర నిలబెట్టాను. ఆమె అలవాటుగా కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తల వంచుకుంది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా నా నోట్లోంచి ఊడిపడింది.

"ఎవరున్నరవ్వా ఇప్పుడు? మీ అత్త లేదు, మామ లేడు, దీపం ఆర్పెటోళ్ళు లేరు. ఎవరికి భయపడుతున్నవే? తలెత్తి సూడు!"

కొంగు నేనే వెనక్కి లాగేశాను. ఆమె తల ఎత్తింది. ఆ కొంచెం చూపున్న కన్నును పెద్దది చేసి, ఒక చివర నుంచి మొదలుపెట్టింది. కింద కూర్చున్నవాళ్ళను, కుర్చీల్లో ఉన్నవాళ్ళను, నిలబడ్డవాళ్ళను, తొందర లేకుండా చూసుకుంటూ పోయింది. ఎవరి దగ్గరా ఆగలేదు, ఎవరినీ దాటేయలేదు. చివరిదాకా పోయాక నన్ను అడిగింది.

"వీళ్ళు ఎటు సూస్తున్నరు బిడ్డా?"

"నీ దిక్కే సూస్తున్నరవ్వా. అందరూ."

ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది, కొంగు అందుకుంది, మళ్ళీ నెత్తి మీదికి తెచ్చుకుంది.

"ఆయన గా దినం గూడ సూసిండు బిడ్డా" అంది. "నేనే సూడకపోతిని."